ఆ తప్పు నాది మేడం

హలో… ఆ, నేనేరా బాలూ. నా ఫోను నేను కాక ఇంకెవరు ఎత్తుతారు?…

ఆ, ఇంట్లోనే. ఆదివారం కదా. నువ్వేంటి, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కి వెళ్ళలేదా?… అక్కడి నుంచేనా? మరి మిషన్ల మోత లేదే?… ఓహో, మిషన్లు ఆపించి మరీ చేశావా! అక్క మీద అంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే ఏదో పని పడ్డట్టే. చెప్పు…

ఎవరు?

వేణుగోపాలా?…

ఆగు. ఆగాగు. పొద్దున పది గంటలకి నువ్వు నాకు ఫోన్ చేసింది వేణుగోపాల్ కోసమా?…

ఆహా! మా కాలేజీ జువాలజీ హెడ్డు, డాక్టర్ వేణుగోపాల్ గారు. పదో తరగతి దాకా నీ పక్కన ఒకే బెంచీ మీద కూర్చున్న మహానుభావుడు. నేను అదే కాలేజీలో లైబ్రేరియన్ని. రోజుకి నాలుగుసార్లు ఎదురుపడతాం. నాతో మాట్లాడాలంటే ఇరవై మెట్లెక్కి లైబ్రరీకొస్తే సరిపోతుంది. దానికి మార్టూరు దాకా నీ దగ్గరికొచ్చి నీ చేత చెప్పించాలా?…

సరే, సరే. అరవనులే. ముందు ఆయనేం చెప్పాడో అది చెప్పు. ఉన్నదున్నట్టు…

ఊఁ… 'ఒక ఎమ్మెస్సీ అమ్మాయి నా పేపర్ కాపీ కొట్టి ప్రాజెక్టు రాసింది'… ఊఁ… 'సాఫ్ట్‌వేర్‌లో దొరికిపోయింది'… ఊఁ… 'చిన్నపిల్ల, పోనీలే పాపమని క్షమించాను'… 'అయినా మీ అక్క పనిగట్టుకుని నా మీద యూనివర్సిటీకి ఉత్తరం రాసింది'…

అయిందా? ఇంకేమన్నా ఉందా?…

నవ్వక ఏం చేయమంటావురా! క్షమించాడట. ఏం పెద్ద మనసు! నిలువెత్తు ఫొటో కట్టించి కాలేజీ గేటుకి తగిలించాలి…

లేదు, నాకేం పాత కక్ష లేదు. ఆయన హెడ్ పోస్టు ఉంటే నాకేమిటి, పోతే నాకేమిటి? నీకు ఓపికుందా? ఉంటే మొదట్నుంచి చెప్తా. మధ్యలో 'అది కాదక్కా' అనకూడదు…

ఆ పిల్ల పేరు తేజశ్రీ. అద్దంకి అవతల ఊరు. వాళ్ళ నాన్న బాపయ్య, మిరప రైతు. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. నాలుగేళ్ళుగా నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఎట్టా పీల్చి పిప్పి చేస్తోందో నీకు చెప్పక్కర్లేదుగా… ఆ, అదే. పువ్వులో దూరుతుంది. పూత మొత్తం రాలిపోతుంది. మందు మీద మందు కొట్టినా చావదు.

ఆ పిల్ల ఎమ్మెస్సీ జువాలజీ. ప్రాజెక్టు చేయాలి. మిగతావాళ్ళంతా ఏం చేశారనుకున్నావు? ఇంటర్నెట్లోంచి దించుకున్నారు. తిరగరాసే యాప్ ఒకటి ఉంటుంది, దాంట్లో వేస్తే మాటకి మాట మార్చి ఇస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి దొరక్కుండా. ఒకడి ప్రాజెక్టులో నల్ల తామర ఇంగ్లీషు పేరు 'బ్లాక్ త్రిప్స్' కాస్తా, ఆ యాప్ ట్రిప్స్ అనుకోబట్టి, 'డార్క్ జర్నీస్' అయి కూర్చుంది. అవునురా, చీకటి ప్రయాణాలు! మిరప తోటలో చీకటి ప్రయాణాల వల్ల పూత రాలుతోందని నలభై పేజీలు రాశాడు. సాఫ్ట్‌వేర్‌లో వాడిది ఎంత కలిసిందో తెలుసా? నాలుగు శాతమే. శుభ్రంగా పాసు. గైడు ఎవరో తెలుసా?…

ఆ, ఆయనే. సంతకం కూడా పెట్టాడు. చదివితేగా!

నవ్వుతావేం? నీ స్నేహితుడే మరి…

సరే విను. ఈ పిల్ల మాత్రం దించుకోలేదు. వాళ్ళ నాన్నని అడిగింది. 'నాన్నా, కాలువ వైపు నాలుగు వరసలకి మందు కొట్టొద్దు. ఇంకో నాలుగు వరసలకి నీలి రంగు జిగురు అట్టలు కడదాం. మరో నాలుగింటి చుట్టూ జొన్న వేద్దాం. దేంట్లో పురుగు తక్కువుందో లెక్క తీస్తా' అని.

బాలూ, ఏ రైతైనా నాలుగు వరసలు మందు కొట్టకుండా వదిలేస్తాడా? కళ్ళెదురుగా పూత రాలిపోతుంటే చేతిలో డబ్బా పెట్టుకుని ఊరుకుంటాడా?… ఆయన ఊరుకున్నాడు. కూతురి చదువని ఊరుకున్నాడు. పక్క చేల వాళ్ళు గట్టు మీద నిలబడి నవ్వారట, 'బాపయ్యా, పురుగుల్ని పెంచుతున్నావా' అని.

ఆ పిల్ల మూడు నెలలపాటు మంగళవారం, శుక్రవారం పొద్దున్నే చేలోకి దిగేది. ఒక్కో పువ్వునీ తెల్ల కాగితం మీద దులిపి, రాలిన పురుగుల్ని లెక్కపెట్టి, నోటుబుక్కులో రాసుకుని, అక్కడి నుంచి బస్సెక్కి కాలేజీకి. లైబ్రరీలో పుస్తకం ముట్టుకుంటే పేజీకి జిగురు అంటేది. నేనే కసిరాను ఒకసారి, చేతులు కడుక్కుని రమ్మని…

వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

ఫిబ్రవరి మొదటివారంలో డ్రాఫ్ట్ రాసింది. 'పంపమ్మా, దిద్దిపెడతా' అన్నాడు గైడు. పంపింది. వారం ఆగింది, రెండు వారాలు ఆగింది. అడిగితే 'చూస్తున్నా, చూస్తున్నా' అన్నాడు. చివరికి ఒక్క గీత కూడా లేకుండా 'బాగానే ఉంది, ఫైనల్ చేసేయ్' అని మెసేజీ పెట్టాడు. ఏదీ దిద్దలేదురా. పైన పేరొక్కటే దిద్దుకున్నాడు…

అర్థం కాలేదా? అవుతుందిలే, ఉండు.

ప్రాజెక్టులన్నీ యూనివర్సిటీకి పంపే ముందు నా దగ్గరికి రావాలి. నేను ఒక్కోదాన్నీ చెకింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెడతా. అది ప్రపంచంలో అచ్చయిన వాటన్నిటితో పోల్చి, ఎక్కడెక్కడ మాటలు కలిశాయో అక్కడ ఎర్ర రంగు పులిమి, ఇంత శాతం అని చెప్తుంది. పది దాటితే వెనక్కి. ఏప్రిల్ మొదట్లో ఈ పిల్లది పెట్టా.

ఎనభై నాలుగు శాతం.

ఆ… ఎనభై నాలుగు. పేజీలకి పేజీలు ఎరుపు.

నేనేం చేశానో చెప్పనా? ఇది ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తున్నా. ఆ పిల్లని పిలిచి, లైబ్రరీలో పాతికమంది ముందు నిలబెట్టి తిట్టా. 'ఇంత జిగురు పూసుకుని తిరిగావు, పొలమన్నావు, లెక్కలన్నావు, అంతా నాటకమా? దించుకుని రాయడానికి సిగ్గు లేదా?' అన్నా. ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. పిల్లల ముఖాలు చూసి ఎవరు చదువుతారో ఎవరు చదవరో చెప్తానని గొప్పలు పోయేదాన్ని. మిషన్ ఒక అంకె చూపించగానే ఆ ముఖం నాకు దొంగ ముఖంలా కనపడింది…

లేదురా, నన్ను సమర్థించకు. తిట్టినదాన్ని నేనే.

ఆ పిల్ల ఏడవలేదు. 'రిపోర్టు చూపిస్తారా మేడం' అంది. చూపించా. ఎర్ర గీతలు ఒక్కొక్కటీ చదివింది. ఎంతసేపు చదివిందో! కింద ఒక వరస ఉంటుంది, ఏ పేపర్‌తో కలిసిందో దాని పేరు, రాసినవాడి పేరు. నేను శాతం చూసి కేకలు వేశానే గానీ అది చూడలేదు. ఆ పిల్ల అక్కడ వేలు పెట్టి, నా వైపు చూసింది.

డాక్టర్ వేణుగోపాల్. మార్చి రెండో తారీఖున ఏదో ఆన్‌లైన్ పత్రికలో అచ్చయింది…

ఏంటీ?… 'అంటే ఆయనదే ముందు కదా' అంటావా?

అదేరా తమాషా. ఆ సాఫ్ట్‌వేర్‌కి రెండూ ఒకటేనని తెలుసు. ఎవరు చేలో నిలబడ్డారో, ఎవరు కుర్చీలో కూర్చున్నారో తెలియదు. ముందు అచ్చు వేయించుకున్నవాడు దొర, వెనక వచ్చింది దొంగ. మా ప్రిన్సిపాల్ కూడా అదే అన్నాడు, 'తారీఖులు చూడండి మేడం' అని. ఎంత తెలివి!

నేను ఆ రోజు ఆ పేపర్ దించుకుని చదివా. చదువుతుంటే ఏముందో తెలుసా? 'మా కుటుంబ పొలంలో, కాలువ వైపు వరసల్లో' అని ఉంది. ఇంగ్లీషులో సుబ్బరంగా అచ్చేశాడు. ఒరేయ్, వేణుగోపాల్ కుటుంబానికి కాలువ వైపు పొలం ఎప్పుడుందిరా? వాళ్ళ నాన్న పోస్టుమాస్టరు, క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళు. నువ్వు వాళ్ళింట్లో అట్లు తిని వచ్చేవాడివి కదా, చూశావా పొలం?… పెరట్లో రెండు కరివేపాకు చెట్లా? సరే, పరిశోధన అక్కడ జరిగిందేమో!

దించుకునేటప్పుడు 'మా' అన్న మాటైనా చూసుకోవద్దూ? అంత తొందరేంటి? హెడ్ పోస్టుకి ఇంటర్వ్యూ మార్చి ఇరవైకి మరి…

తర్వాతా? మర్నాడు పొద్దున నేను తాళం తీసేసరికి ఆ పిల్ల లైబ్రరీ మెట్ల మీద కూర్చునుంది. సంచీలో మూడు నోటుబుక్కులు. సిరాతో తేదీ వేసి, వాన పడితే వాన, ఎండైతే ఎండ అని రాసుకుంది. ఒక పేజీలో చచ్చిన పురుగులు జిగురుకి అంటుకుని అట్టాగే ఉన్నాయి, ఆవగింజలో పావొంతు ఉంటాయి. అవి చూస్తే నాకు… సరే.

మధ్య బుక్కు తెరిచి చూపించింది. ఒక శుక్రవారం రెండు వందల పదమూడు పురుగులు. డ్రాఫ్ట్‌లో ఎక్కించేటప్పుడు తారుమారై మూడు వందల పన్నెండని పడింది. మొత్తం పద్దెనిమిది వందల నలభై ఆరొచ్చింది. తర్వాత తనే పట్టుకుంది. ఫైనల్లో దిద్దితే పదిహేడు వందల నలభై ఏడు. అసలు మొత్తం అది.

వేణుగోపాల్ పేపర్లో ఎంతుందో చెప్పు చూద్దాం?…

ఆ! పద్దెనిమిది వందల నలభై ఆరు. పడిన తప్పు పడినట్టే దిగిపోయింది.

ఆ అంకె మీద వేలు పెట్టి ఆ పిల్ల ఏమందో తెలుసా బాలూ… తలొంచుకుని, 'ఆ తప్పు నాది మేడం' అంది. తప్పు చేసినందుకు సిగ్గుపడుతోంది! సార్ పేపర్లో తన తప్పు అచ్చయిపోయిందే అని బాధపడుతోంది! ముందురోజు పాతికమంది ముందు తిట్టినదాన్ని, ఆ పాతికమందినీ మళ్ళీ పిలిపించి, తప్పు నాదని చెప్పా. ఏం, తక్కువైపోయానా? పోలేదు.

…

ఆ, కమిటీ వేశారు. ప్రిన్సిపాలు, ఇద్దరు హెడ్లు, నేను. నాలుగో కుర్చీ పక్కన ఐదోది వేసుకుని వేణుగోపాల్ కూర్చున్నాడు. 'గైడుని కదా' అట. ఆ పిల్లని ఎదురుగా నిలబెట్టారు. నేను నోటుబుక్కులు బల్ల మీద పెట్టా. ఎవరూ తెరవలేదు. ఒకాయన జిగురు అంటుతుందని పక్కకి జరిపాడు. నేను ఆ తప్పు అంకె చూపించా. 'అంకెలదేముంది మేడం, కాకతాళీయం' అన్నాడు ఇంకొకాయన. లెక్కల హెడ్డు ఆయన! ఏడ్చినట్టుంది.

అప్పుడు మీవాడు లేచి, గొంతు తగ్గించి, 'పాపం పల్లెటూరి పిల్ల. నా పేపర్ ప్రభావం ఎక్కువ పడింది. నేను క్షమిస్తున్నాను. ఒక క్షమాపణ ఉత్తరం రాసిస్తే, వేరే టాపిక్ తీసుకుని ఆర్నెల్ల తర్వాత ఇవ్వచ్చు' అన్నాడు. అందరూ తలలూపారు. జూన్‌లో పట్టా చేతికొస్తే ఆ పిల్లకి గుంటూరులో విత్తనాల కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. ఆర్నెల్లంటే అది పోయినట్టే. ఇంత దయ కురిపించాడు నీ స్నేహితుడు…

ఏమన్నావు?

మళ్ళీ అను.

'సబ్జెక్టు ఓవర్‌లాప్'… 'గైడుగా ఆయన మేధోపరమైన భాగస్వామ్యం'…

బాలూ. గ్రానైట్ రాళ్ళు నునుపు చేసేవాడివి, ఈ మాటలు నీకెవరు నేర్పారు?

…

ఎవరో దగ్గుతున్నారు.

…

స్పీకర్‌లో పెట్టావా ఫోను?

ఒరేయ్, నిన్నే అడుగుతున్నా. ఆయన నీ పక్కనే కూర్చున్నాడా? మొదట్నుంచీనా?…

సిగ్గు లేదురా నీకు? నేను పెంచినవాడివేనా నువ్వు? నా చేత మాట్లాడించి అవతల మనిషికి వినిపిస్తావా?… 'కంగారుగా ఉన్నాడక్కా' నా? కంగారు పడాల్సినవాడే… లేదు, పెట్టేయను. ఎందుకు పెట్టేస్తా? మంచిదైంది. మళ్ళీ మొదట్నుంచి చెప్పే పని తప్పింది. ఫోను బల్ల మధ్యలో పెట్టు.

వేణుగోపాల్ గారూ, నమస్కారమండి. అంతా వినపడింది కదా?…

అక్కా? కాలేజీలో మేడం, ఇక్కడ అక్కానా? మేడం అనే అనండి, నాకు అదే బాగుంటుంది…

లేదండీ, ఆ ఉత్తరం నేను రాయలేదు.

నమ్మరా? నేను రాద్దామనే అనుకున్నా. కమిటీ కాగితం మీద సంతకం పెట్టనని ఇంటికొచ్చి కూర్చున్నా. రాత్రంతా… సరే, రెండ్రోజులు ఆలోచించా. రిటైర్మెంటుకి ఏడాదిన్నరుంది, ఎందుకొచ్చిన గొడవ అని కూడా అనుకున్నా, దాచడం ఎందుకు. ఈలోగా ఆ పిల్ల రాసేసింది. నన్నడగలేదు, ఎవర్నీ అడగలేదు. తనే రాసి, మీకు ఏ రోజు డ్రాఫ్ట్ పంపిందో ఆ మెయిలు, మీరు పంపిన 'బాగానే ఉంది' మెసేజీ, నోటుబుక్కు పేజీలు, అన్నీ ఫొటోలు తీసి జతచేసి పంపింది. పంపాక నాకో కాపీ ఇచ్చింది…

'ఆ ఇంగ్లీషు ఆమెది కాదు' అంటారా? ఆ అనుమానం నాకూ వచ్చిందండీ. చెడ్డ అలవాటు కదా మాది! సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశా. సున్నా శాతం. ఇన్నేళ్ళలో మన కాలేజీ నుంచి సున్నా వచ్చిన కాగితం అదొక్కటే. మీ పీహెచ్‌డీ పెట్టి చూడమంటారా?…

ఊరికే అన్నాలెండి. కంగారు పడకండి.

…

ఆ, యూనివర్సిటీ వాళ్ళు ప్రాజెక్టు తెప్పించుకున్నారటగా. వైవాకి తేదీ ఇచ్చారట ఆ పిల్లకి, వచ్చే వారం. మీకు సంజాయిషీ నోటీసు. శుక్రవారం అందింది కదూ? రిజిస్టర్ పోస్టులో వచ్చింది, ప్యూను చెప్పాడు…

ఏంటీ?… రెండో పేరా?

ఉండండి, నాకు సరిగ్గా వినపడాలి. ఆ పేపర్లో మీ పేరు పక్కన ఆ పిల్ల పేరు కూడా వేయిస్తారా? రెండోదిగా? పత్రికవాళ్ళకి రాస్తే మారుస్తారా?… అబ్బ! వాళ్ళ నాన్న పొలం, ఆ పిల్ల కాళ్ళు, ఆ పిల్ల కళ్ళు, ఆ పిల్ల లెక్క. తప్పుతో సహా అంతా ఆ పిల్లది. మీరేం చేశారని మొదటి పేరండీ? పంపు అన్నారు. అంతేగా?

…

'అందరూ చేసేదే.' ఆ, చేస్తారు. నాకు తెలియదా? ముప్ఫై ఏళ్ళు ఆ అలమారాల మధ్య ఉన్నా. ఎవరి థీసిస్ ఎవరి దాంట్లోంచి పుట్టిందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అందరూ చేసేదే అయితే ఆ పిల్లని ఎదురుగా నిలబెట్టి క్షమించారేం? దించుకోవడం వరకూ సరే, మీ చేతకానితనం అనుకుంటా. దొరికాక ఆ పిల్ల మీదకి నెట్టారు చూడండి… పల్లెటూరి పిల్ల అన్నారు. అక్కడ నాకు మండింది.

బాలూ, మధ్యలో నువ్వు దూరకు. కాసేపు నోరు మూసుకో.

చెప్పండి… ఊఁ… పిల్లలు చదువుకుంటున్నారు, నిజమే… హెడ్ పోస్టు పోతుంది, పోతే పోతుంది… లేదండీ, ఉద్యోగం ఎవరూ తీయరు. మన దగ్గర అంతటి పని జరగదు. ఏడాది గైడుగా ఉండొద్దంటారు. మళ్ళీ ఏడాదికి మీరే కమిటీలో కూర్చుని ఇంకొకడి శాతాలు చూస్తారు. నాకా భ్రమలు లేవు…

నేను వెనక్కి తీసుకోవడానికి ఆ ఉత్తరం నాది కాదు, చెప్పాగా. ఆ పిల్లది. ఏం కావాలో ఆ పిల్లనే అడగండి…

వాళ్ళింటికి వెళ్తారా? బాపయ్యతో మాట్లాడతారా?

…

వెళ్ళండి. ఇప్పుడే వెళ్ళండి. ఊరి మొదట్లోనే కళ్ళం ఉంటుంది. ఆఖరి కోత కాయలు ఆరబోశారు. తెల్లబడ్డ తాలు కాయలు ఏరుతూ అక్కడే ఉంటాడు. మొన్న నేను వెళ్ళొచ్చా… ఆ, వెళ్ళా. తిట్టినదాన్ని, ఇంటికెళ్ళి చెప్పొద్దూ?

భయపడకండి, మిమ్మల్నేం అనడు. చూడగానే లేచి, తలగుడ్డ తీసి దులిపి, మంచం వాల్చి కూర్చోబెడతాడు. మజ్జిగ తెప్పిస్తాడు. 'మా పిల్లకి అంత బాగా చెప్పారు సారూ' అంటాడు. సంక్రాంతప్పుడు మీ ఇంటికి పంపిన ఎండు మిరపకాయలు బాగున్నాయా అని అడుగుతాడు…

వ్యంగ్యం కాదండీ. ఆయనకి ఏమీ తెలియదు.

అవును. ఆ పిల్ల ఇంట్లో చెప్పలేదు. దొంగ అన్నామని చెప్పలేదు, దోచింది మీరని చెప్పలేదు. నేను కళ్ళంలో నిలబడి నోరు తెరవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపేసింది. బయటికొచ్చాక అడిగా, ఎందుకమ్మా అని. 'కాలువ వైపు నాలుగు వరసలు నాకోసం వదిలాడు మేడం. అందరూ నవ్వినా వదిలాడు. అవి నా చదువుకి పనికొచ్చాయనుకుంటున్నాడు. అట్టాగే అనుకోనివ్వండి' అంది.

…

వింటున్నారా?

అందుకని, మీరు వెళ్తానంటున్నారు కాబట్టి చెప్తున్నా. వెళ్తే ఆ విషయం ఆయనకి మీరే చెప్పాలి. ఆ పిల్ల చెప్పదు, నేను చెప్పను. మంచం మీద కూర్చుని, ఆయనిచ్చిన మజ్జిగ తాగి, 'బాపయ్యా, నీ నాలుగు వరసలూ నేను నా పేరు మీద వేసుకున్నా' అని…

ఎట్టా చెప్పాలంటారా?

అది కూడా నన్నే అడుగుతారా? రాసివ్వమంటారా, చూసి చదువుతారా?

లేదు. ఈ ఒక్కటి మాత్రం సొంతంగా చెప్పండి. మీ సొంత మాటల్లో.

…

హలో?

వేణుగోపాల్ గారూ?…

బాలూ?… ఉన్నావా?… ఏంటా చప్పుడు?… కుర్చీనా?… లేచెళ్ళిపోయాడా?

ఏమీ అనలేదా నీతో?… ఊఁ… చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదా… కారు తీశాడా?

ఒకసారి గేటు దగ్గరికెళ్ళి చూడు… వెళ్ళి చూడరా, నాకోసం… ఎటు తిప్పాడు? అద్దంకి వైపా?…

…

గుంటూరు వైపా. ఇంటికా.

…

లేదు, నాకేం ఆశ్చర్యంగా లేదు…

నీ మీద కోపమా? ఉంది. రెండ్రోజులుంటుంది. మిషన్లు వేసుకో పో. ఉంటా.